సుగుణ ఆంటీ నాలుగో కప్పు

సుగుణ ఆంటీ వంటింట్లో బియ్యం కొలిచే పాత్రకు రెండు చెవులు ఉండేవి. ఇత్తడి రంగు పూత అక్కడక్కడ లేచిపోయి లోపలి తెల్ల లోహం కనిపించేది. అడుగున దిమ్మె ఒకప్పుడు ఉండేదట. అది ఊడిపోతే ప్రకాశరావు అంకుల్ అడుగంతా ఆకురాయితో గీకి, నేల మీద నిలబడేలా చేశారు. పొట్ట మీద వేలిగోరంత కారు బొమ్మ. ముగ్గురికి పూటకు రెండు కొలతలు. కెనడాలోని విండ్సర్‌లో వాళ్ల ఇంటి పైగది అద్దెకు తీసుకున్న మొదటి నాలుగు నెలలూ నేను ఆ కప్పుతోనే బియ్యం కొలిచాను, కడిగాను, కుక్కర్ పెట్టాను. అది ఎక్కడిదని ఒక్కసారి కూడా అడగలేదు.

అడగకపోవడానికి కారణం, నాకు తెలుసనుకోవడం. కొత్త చోటుకి వెళ్తే అక్కడున్నవన్నీ నోట్‌బుక్కులో వరసగా రాసుకోవడం వరంగల్‌లో ఇంజనీరింగ్ చదివిన రోజుల నుంచీ నా అలవాటు. ఆ వంటింటి అరల జాబితా ఇప్పటికీ నా దగ్గర ఉంది. పెద్ద కప్పు, చింతపండు. పెద్ద కప్పు, ఎండుమిరపకాయలు. పెద్ద కప్పు, మూత ఉన్నది, ఎండు రొయ్యలు. చిన్న కప్పులు తొమ్మిది: ధనియాలు, మెంతులు, లవంగాలు, రబ్బరు బ్యాండ్లు, వగైరా. ఆ జాబితా కింద ఒక వాక్యం రాసుకున్నాను: గరాజ్ సేల్‌లో కొన్నవి. ఇక్కడ ఎండలు రాగానే ప్రతి వీధిలోనూ జనం తమకు అక్కర్లేని సామాను ఇంటి ముందు పరిచి అమ్ముతారు. మనవాళ్లు అందులో పనికొచ్చే గిన్నె ఒక్కటీ వదలరు. కాబట్టి అలా అనుకున్నాను. ఆ రోజుల్లో నేను అనుకున్నది కాగితం మీద పెట్టేవాణ్ణి. కాగితం మీద పడ్డాక మళ్లీ దాన్ని అనుమానించేవాణ్ణి కాదు.

పోయిన నెల, ఇప్పుడు నేనుంటున్న బర్నబీలో ఆఫీసు మెట్లు దిగుతుంటే అంకుల్ ఫోన్ చేశారు. "ఏవోయ్ ఇంజనీరూ, మీ ఆంటీ వెళ్లిపోయిందయ్యా," అన్నారు. నిద్రలోనే పోయారట. నాకు చెప్పేలోపే సమాధి కార్యక్రమం అయిపోయింది, జ్ఞాపకార్థ కూడిక ఇంకా ఉంది. "జీవిత చరిత్ర చదవాలి గదా. నువ్వు రాయి. గ్రేస్‌కి తెలుగు చదవడమే రాదు, ఇంక రాయడం ఏంటి. నేను మొదలెడితే మూడో లైనుకి ఏడుస్తాను. నువ్వయితే వరసగా రాస్తావు." గ్రేస్ వాళ్ల కూతురు, కాల్గరీలో నర్సు.

కోస్తా క్రైస్తవ కుటుంబాల్లో ఇదొక ఆచారం. పోయినవాళ్ల పుట్టుక, బాప్తిస్మం, పెళ్లి, ఉద్యోగం, సంఘంలో చేసిన సేవ, అన్నీ వరసగా రాసి, ఒకరు సంఘం ముందు నిలబడి చదువుతారు. నేను ఆ సంఘం వాణ్ణి కాదు, ఆ కుటుంబం వాణ్ణీ కాదు. అయినా నన్నే ఎందుకు అడిగారో నాకు తెలుసు. ఆ చరిత్రలో సంఘంలో ఎవరికీ తెలియని పేజీలు కొన్ని ఉన్నాయి. వాటిలో ఆఖరి పేజీకి లెక్కలు వేసింది నేను.

ఆంటీ స్కూల్ బస్సు నడిపేవారు. ఉదయం ఐదున్నరకు కింద వంటింట్లో దీపం వెలిగేది. కాఫీ వాసన, దాని వెనకే ఆవాలు చిటపటలాడే చప్పుడు, ఆ మధ్యలో గొంతు పెంచకుండా పాడుకునే కీర్తన మెట్ల మీదుగా నా గది దాకా వచ్చేవి. అన్నం, కూర డబ్బాల్లో సర్ది, వాకిట్లో నిలిపిన పసుపుపచ్చ బస్సు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసేవారు. టైర్లు, లైట్లు, అద్దాలు, వెనక అత్యవసరపు తలుపు. ఒక్కోటి చూసి, అట్టకు బిగించిన కాగితం మీద టిక్కు పెట్టి, కింద సంతకం. మంచు మోకాళ్ల దాకా పడిన రోజు కూడా ఆ ప్రదక్షిణంలో ఒక్క అడుగు తగ్గేది కాదు. కిటికీలోంచి చూసి నేను ముచ్చటపడేవాణ్ణి. నాలాంటి మనిషే అనుకునేవాణ్ణి.

సొంత వ్యాను ఇంకా నెమ్మదిగా నడిపేవారు. స్టాప్ బోర్డు దగ్గర ఆగి, పైకే "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెట్టాకే కదిలేవారు. కారు లేకపోతే విండ్సర్‌లో మనిషికి కాళ్లు లేనట్టే. నాకేమో నడపడం రాదు. వాహన ఇంజనీరింగ్‌లో మాస్టర్స్ చదువుతున్నవాడికి స్టీరింగ్ పట్టుకోవడం రాదని అంకుల్ రోజూ నవ్వేవారు. చివరికి ఆంటీయే నేర్పించారు. నేర్చుకుంటూ నేనే ఆవిడకి పాఠం చెప్పాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

"ఆంటీ, మలుపులో టైరుకు ఎంత పట్టు ఉంటదో దానికి ఒక లిమిట్ ఉంటది. బ్రేక్‌కి కొంత, తిరగడానికి కొంత పంచుకోవాలె. మీరు మరీ ముందే బ్రేక్ వేయమంటున్నరు."

"అవునా బాబూ! ఎంత చదువుకున్నావయ్యా!" అన్నారు ఆంటీ, నిజంగా మెచ్చుకుంటున్నట్టే. "అద్దం చూసుకో మరి. వెనక అంబులెన్స్ వస్తంది."

మే నెలలో ఒక శనివారం అంకుల్‌కి నడుం పట్టేసింది. ఆయన కారు విడిభాగాల ఫ్యాక్టరీలో అచ్చులు బాగుచేసే పని చేసి రిటైరయ్యారు. పెరట్లో తాళం వేసిన పెద్ద షెడ్డు ఒకటుండేది. ఆయనకి పాత కార్ల పిచ్చి అని, శనివారాలు రేసులకు వెళ్తారని, పాపం ఆంటీ తోడు వెళ్తారని సంఘంలో అందరూ అనుకునేవారు. నేనూ అలాగే అనుకున్నాను. టైర్లు ఎత్తడానికి మనిషి కావాలంటే బయలుదేరాను. గంట ప్రయాణం, అటూ ఇటూ టొమాటో పొలాలు. చివర్లో పొలాల మధ్య తారు వేసిన కోడిగుడ్డు ఆకారపు బాట, దాని చుట్టూ సిమెంటు గోడ, ఒక పక్క చెక్క మెట్ల గ్యాలరీ. కాలిన రబ్బరు, పెట్రోలు, నూనెలో వేగుతున్న ఉల్లిపాయలు, మూడు వాసనలూ కలిసిపోయి వస్తున్నాయి.

స్టాక్ కార్ అంటే చూడటానికి రోడ్డు మీద తిరిగే మామూలు కారులాగే ఉంటుంది. లోపల అంతా తీసేసి, ఇనుప గొట్టాల పంజరం కట్టి, తలుపులు వెల్డింగ్‌తో మూసేస్తారు. కిటికీలోంచి ఎక్కాలి. మేము దింపిన కారు ముదురు నీలం, పక్కన 23 అని రాసి ఉంది. అది ఆంటీ బస్సు నంబరులో చివరి రెండు అంకెలని నాకు తట్టలేదు. అంకుల్ మడతకుర్చీ వేసుకుని, ఫ్లాస్కులోంచి టీ పోసుకున్నారు.

"అంకుల్, టైమ్ అవుతుంది. మీరు డ్రెస్ వేసుకోరా?"

"నేనెందుకోయ్?"

"మరి డ్రైవర్?"

ఆయన టీ కప్పుతో వ్యాను వైపు చూపించారు. నిప్పంటని దళసరి సూట్ వేసుకుని, జడ వీపు లోపలికి దోపుకుని, చంకలో హెల్మెట్‌తో ఆంటీ వస్తున్నారు. అప్పటికి ఆవిడకి యాభై ఎనిమిదేళ్లు. "బాబూ, పులిహోర డబ్బా ఎండలో పెట్టకు, పాడైపోద్ది," అన్నారు. తర్వాత పైగొట్టం పట్టుకుని, రెండు కాళ్లూ ఒకేసారి కిటికీలోకి జార్చి లోపల కూర్చున్నారు. నేను పులిహోర డబ్బా పట్టుకుని అలాగే నిలబడ్డాను. మైకులో ఒక గొంతు ఆవిడ పేరును వంకరగా పలికి, మూడుసార్ల చాంపియన్ అంది. గ్యాలరీలో జనం లేచి నిలబడ్డారు. చింతపండు, ఎండుమిరపకాయలు, ఎండు రొయ్యలు. మూడు పెద్ద కప్పులు. నేను రాసిన వాక్యం కళ్ల ముందు కదిలింది. పందెం మొదలై ఎన్ని చుట్లు తిరిగిందో నాకు గుర్తులేదు. లెక్కపెట్టగలిగినదాన్ని లెక్కపెట్టకుండా వదిలేయడం నా జీవితంలో బహుశా అదే మొదటిసారి.

వచ్చేటప్పుడు వ్యానులో అడిగి అడిగి రాసుకున్నాను. కారు మొదట అంకుల్ తన కోసమే కట్టుకున్నారు. వేగం పెరిగితే ఆయనకి కళ్లు తిరిగేవి. అక్కడ ఏడాదికోసారి డ్రైవర్ల భార్యలకు సరదాగా ఒక పందెం పెట్టేవారు. అందులో ఆంటీ సల్వార్ కమీజ్ మీద హెల్మెట్ పెట్టుకుని గెలిచారు. ఆ రోజు ఇచ్చిన చిన్న కప్పే బియ్యం కప్పు. కప్పు అందుకుంటూ "వచ్చే వారం మగవాళ్లతో రావచ్చా?" అని అడిగితే అందరూ నవ్వారట. వచ్చారు. మొదటి రెండేళ్లు వెనకే ఉన్నారు, ఒకసారి గోడకి గుద్దుకుని మెడ కింద ఎముక విరిగింది. సంఘంలో మెట్ల మీద జారానని చెప్పారు. మూడో ఏడు మొదటి గెలుపు. ఆ తర్వాత మూడు చాంపియన్‌షిప్‌లు. ఒక సీజనంతా మొదలుపెట్టిన ప్రతి పందెమూ పూర్తి చేసింది ఆవిడ ఒక్కరే. ఇన్నేళ్లలో పక్క బండిని కావాలని తోశారని ట్రాక్ వాళ్లు ఒక్కసారి కూడా తప్పు జెండా చూపించలేదు.

"ఎలా ఆంటీ?" అన్నాను.

"ఏముంది బాబూ. ముందు బండి ఏం చేస్తదో చూస్తా ఉండాలి. వీధిలో ఏ పిల్లోడు అడ్డం వస్తాడో అని చూడవూ? అలాగే. వాడే జరుగుతాడు. జరిగినప్పుడు మనం అక్కడుండాలి."

"సంఘంలో ఎందుకు చెప్పలేదు మరి?"

"ఎవరూ అడగలేదుగా."

అదే ఆఖరి సీజన్ అని కూడా అప్పుడే తెలిసింది. కంటి డాక్టరు ఇంకొక్క ఏడాది అన్నాడు, బస్సుకైనా రేసుకైనా. ఆ ట్రాక్‌లో నాలుగుసార్లు చాంపియన్ అయినవాళ్ల పేరు రెండో మలుపు దగ్గర గోడ మీద రంగుతో రాస్తారు. ఏ కొత్త డ్రైవర్ వచ్చినా ఆ పేర్ల పక్కనుంచే తిరగాలి. అప్పటికి గోడ మీద ఇద్దరే ఉన్నారు. ఆంటీకి కావలసింది ఆ గోడ. ఇంగ్లీషు అక్షరాల కింద తెలుగులో కూడా రాయించాలని, రంగులేసేవాడు చూసి దించుకోవడానికి వీలుగా గళ్ల కాగితం మీద సుగుణకుమారి అని పెద్ద అక్షరాలు గీసి పెట్టుకున్నారు. "సు కొమ్ము వాడికి తిరగదేమో," అని అదొక్కటే ఆవిడ బెంగ.

మర్నాటి నుంచి షెడ్డు నాది. అంకుల్‌కి ఏ నట్టు ఎంత బిగించాలో చేతికే తెలుసు. నేను దాన్ని కాగితం మీదికి తెచ్చాను. టైరు గాలి, స్ప్రింగులు, ఇంధనం, ప్రతి శనివారానికీ ఒక పేజీ. ఆ పేజీల వల్ల ఆంటీ నిజంగానే వేగంగా వెళ్లారని ఇప్పటికీ అనగలను. అన్నిటికన్నా నాకు గర్వంగా ఉన్నది బరువు లెక్క. గెలిచిన కారును పందెం అయ్యాక డ్రైవర్‌తో సహా తూస్తారు. నియమం ప్రకారం ఇంత బరువుకు తగ్గకూడదు, తగ్గితే గెలుపు రద్దు. ఎక్కువైతే తప్పు లేదు, కానీ బరువు పెరిగేకొద్దీ బండి మందగిస్తుంది. అంకుల్ ఎప్పుడూ ముప్పై పౌండ్లు అదనంగా ఉండేలా సీసం దిమ్మెలు బిగించేవారు. దాన్ని ఆయన దేవుడి వాటా అనేవారు.

"దేవుడు అంత తినడు అంకుల్," అని నేను దాన్ని ఆరు పౌండ్లకి తగ్గించాను.

మే నెలలో ఆంటీని బాత్‌రూమ్ తూకం మీద నిలబెట్టి బరువు రాసుకున్నాను. "పెళ్లిచూపుల్లో కూడా ఇన్ని అడగలేదయ్యా," అని నవ్వారు. పందెంలో పెట్రోలు ఎంత ఖర్చవుతుందో, టైర్లు ఎంత అరుగుతాయో కూడా లెక్కలోకి తెచ్చాను. పెట్రోలు తగ్గుతుందని వేసుకున్నాను. మనిషి తగ్గవచ్చని వేసుకోలేదు.

ఆ ఎండాకాలం నా చదువు అయిపోయింది. వర్క్ పర్మిట్ గడియారం నడుస్తోంది, ఉద్యోగం లేదు. అప్లై చేసిన కంపెనీల పేర్లు నోట్‌బుక్కులో పేజీలు దాటాయి, పక్కన కొట్టివేతలు. అన్నం దగ్గర ఆ సంగతి ఎత్తితే అంకుల్ ఏదో జోకు వేసేవారు. ఆంటీ మాత్రం కంపెనీ పేరు అడిగి, ఇంటర్వ్యూ ఎప్పుడో అడిగి, ఊరుకునేవారు. సెప్టెంబరు వచ్చేసరికి చాంపియన్‌షిప్ ఆఖరి పందెం మీదికి వచ్చింది. పాయింట్లలో సమంగా ఉన్న ఎనిమిదో నంబరు కారు కన్నా ముందు గీత దాటితే ఆంటీ గెలిచినట్టు. దానికి ముందు రెండు శనివారాలు వర్షానికి పందేలు రద్దయ్యాయి, కారు షెడ్డులోంచి కదలలేదు.

ఆ రోజు నేను సీటు పట్టీలు బిగిస్తున్నప్పుడు భుజం పట్టీ వదులుగా తగిలింది. ఒక అంగుళం లాగి, నోట్‌బుక్కులో రాశాను: భుజం పట్టీ, ఒక అంగుళం బిగింపు. ఎందుకు వదులైందో ఆలోచించలేదు. ట్రాక్‌లో పందెం ముందు కావాలంటే తూచుకోవచ్చు. తూకం షెడ్డు ముందు పది కార్ల వరస ఉంది.

"ఒకసారి తూయిద్దామేంటోయ్?" అన్నారు అంకుల్.

"అక్కర్లేదు అంకుల్. లెక్క ఉంది."

కిటికీ వల బిగిస్తుంటే ఆంటీ అడిగారు. "అన్నీ చూశావా బాబూ?"

"చూసిన ఆంటీ."

పందెంలో ఆవిడ ఏడో స్థానం నుంచి మొదలుపెట్టి, సగం చుట్లు అయ్యేసరికి రెండోదిగా వచ్చారు. ఆ తర్వాత ఎనిమిదో నంబరు వెనక అంటుకుని, ఏమీ చేయకుండా తిరిగారు. నా చేతిలో స్టాప్‌వాచ్ తడిసిపోయింది. ఆఖరి చుట్టు, నాలుగో మలుపు, వాడి బండి జానెడు బయటికి జరిగింది. జరిగినప్పుడు ఆంటీ అక్కడున్నారు. గీత దాటేసరికి అరబండి ముందు. అంకుల్ కుర్చీ తన్నేసి గంతులేశారు, నడుం సంగతే మర్చిపోయి.

తూకం షెడ్డులో నాలుగు చక్రాల కింద నాలుగు పలకలు, గోడ మీద అంకెల డబ్బా. తనిఖీ చేసేది వాల్టర్ అనే పెద్దాయన. అంకెలు నిలబడ్డాక ఆయన కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. నాలుగు పౌండ్లు తక్కువ. కారు వెనక్కి తోయించి, డబ్బాను సున్నాకి తెచ్చి మళ్లీ ఎక్కించాడు. నాలుగు. మూడోసారి. నాలుగు. సూర్యుడు ఇంకా పొలాల మీదే ఉన్నాడు. బయట జనం కేకలు వినబడుతున్నాయి.

"సుగుణా, ఒంట్లో బాగాలేదా ఈ మధ్య?" అన్నాడు ఇంగ్లీషులో, చాలా మెల్లగా.

"బాగానే ఉన్నాను వాల్టర్," అన్నారు ఆంటీ హెల్మెట్ తీస్తూ. "నీ తూకం నువ్వు రాయి."

నేను మాత్రం ఊరుకోలేదు. నేల వాలుగా ఉందన్నాను. పెట్టెలోంచి మట్టపుబద్ద తీసి పలకల పక్కన పెట్టాను. బుడగ వెంట్రుకవాసి పక్కకు ఉంది. నాకు అది చాలు. అరిచాను కూడా. ఆంటీ నా మోచెయ్యి పట్టుకుని పక్కకు తీసుకొచ్చి, అలాగే నడుచుకుంటూ వెళ్లి ఎనిమిదో నంబరు కుర్రాడికి చెయ్యి కలిపి వచ్చారు. ఇంటికొచ్చి సామాను దించాం. పులిహోర డబ్బాలో ఆవిడ వాటా అలాగే ఉంది.

ఆ వారమే ట్రాక్ వాళ్లకి నాలుగు పేజీల ఉత్తరం రాశాను, బొమ్మలతో. నేల వాలు వల్ల బరువు ఎంత తేడాగా చూపించవచ్చో నిరూపణ. పోస్టు చేసేముందు ఆంటీకి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివారు. "బాగుంది బాబూ. ఇంగ్లీషు చాలా బాగుంది," అన్నారు. జవాబు రాలేదు. నా నిరూపణకు వాళ్ల దగ్గర సమాధానం లేదని అర్థం చేసుకున్నాను. పందెం అయిన నాలుగో రోజు, బుధవారం, నాకు ఉద్యోగం వచ్చింది. రెండు వారాల్లో ఊరు వదిలాను. పదకొండేళ్లు ఆ తూకాన్ని తిట్టుకుంటూ బతికాను. కొత్తగా పరిచయమైనవాళ్లకి కూడా ఈ కథ చెప్పేవాణ్ణి, తప్పు తూకం ఒక చాంపియన్‌ను ఎలా ముంచిందో. బర్నబీలో నేను చేసే పని కొలిచే పరికరాలను పరీక్షించడం. ఆ పని ఎంచుకున్నదే ఆ షెడ్డు వల్ల అని ఇంటర్వ్యూలో చెప్పాను.

జ్ఞాపకార్థ కూడికకు ముందురోజు విండ్సర్ చేరాను. అంకుల్ చిక్కిపోయారు. వంటింట్లో కప్పులన్నీ అలాగే ఉన్నాయి. మధ్యాహ్నం తలుపు తట్టిన చప్పుడైతే తీశాను. చేతికర్రతో వాల్టర్. ఆంటీ ఫొటో ఒకటి ఫ్రేము కట్టించి తెచ్చాడు. కాఫీ ఇచ్చాను. నన్ను గుర్తుపట్టి, "ఉత్తరం రాసింది నువ్వే కదా," అన్నాడు.

"మీరు జవాబు ఇవ్వలేదు."

"ఇద్దామనే అనుకున్నా. నీ ఉత్తరం చూసి పరీక్ష బరువులు తెప్పించి, అదే షెడ్డులో, అదే నేల మీద తూయించాను. ఒక్క పౌండు తేడా లేదు. ఆ కాగితం పట్టుకుని ఇక్కడికే వచ్చాను. నువ్వు పైన పెట్టె సర్దుకుంటున్నావు. సుగుణ కాగితం చూసి మడిచి నాకే ఇచ్చేసింది. వాడు కొత్త ఉద్యోగానికి వెళ్తున్నాడు, ఇది చూపించకు అంది."

నేను నిలబడే ఉన్నాను. కూర్చోవాలని తోచలేదు. తూకం సరైనదైతే కారు నిజంగానే నాలుగు పౌండ్లు తగ్గింది. నేను వదిలిన ఆరు కలిపితే పది. పది పౌండ్లు ఎక్కడికి పోయాయి? సీసం దిమ్మెలు నేనే లెక్కపెట్టాను, పెట్రోలు నేనే పోశాను. వాల్టర్ వెళ్లిపోయాక కూడా బల్ల మీద నా పాత నోట్‌బుక్కు తెరిచి పెట్టుకుని ఆ పేజీయే చూస్తూ కూర్చున్నాను. అన్నీ ఉన్నాయి. ఒక్క వరుస మాత్రం, డ్రైవర్ బరువు, మే నెల తర్వాత మళ్లీ నింపలేదు.

అప్పుడు అంకుల్ ఒక చేతిసంచి తెచ్చి ముందు పెట్టారు. "తారీకులు కావాలన్నావుగా. అన్నీ దీంట్లోనే రాసుకునేది. నేను ముట్టుకోలేదు."

లోపల ఉన్నది ఆంటీ ప్రార్థన పుస్తకం. గీతల నోట్‌బుక్కు, పేజీకి నాలుగు గడులు, స్కేలుతో గీసినవి. పేరు, అవసరం, ఎన్ని రోజులు, ఆఖరి గడిలో నెరవేరితే స్తోత్రం అని ఒక్క మాట. ఎవరి కోసమో ఉపవాసం ఉన్న ప్రతి రోజుకీ ఒక చిన్న నిలువు గీత. సంఘంలో ఎంతమంది పేర్లో! ఉపవాసం ఉన్నప్పుడు ముఖం కడుక్కుని, తల దువ్వుకుని, పక్కవాళ్లకి కూడా తెలియకుండా మామూలుగా తిరగాలని ఆవిడ నియమం. ఎవరికీ తెలియలేదు. బాప్తిస్మం తారీకు కోసం పేజీలు తిప్పుతుంటే ఒక చోట మడతపెట్టిన గళ్ల కాగితం జారిపడింది. సుగుణకుమారి, పెద్ద అక్షరాలు, సు కొమ్ము రెండుసార్లు దిద్ది ఉంది. ఆ పేజీలో నా పేరు ఉంది.

చైతన్య. ఉద్యోగం, పర్మిట్. ఇరవై ఒక్క రోజులు. పక్కన గీతలు. ఇరవయ్యో గీత పక్కన శనివారం అని రాసి ఉంది. ఇరవై ఒకటి తర్వాత ఖాళీ. ఆఖరి గడిలో స్తోత్రం, బుధవారం.

రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టాను. ఒక దాంట్లో ఇరవయ్యో గీత. రెండో దాంట్లో, అదే శనివారం, నా దస్తూరీలో, భుజం పట్టీ ఒక అంగుళం బిగింపు.

అంకుల్ నా భుజం మీదుగా చదివారు. తర్వాత ఒక్కసారిగా బల్ల మీద గుద్దారు. "నాకు చెప్పుంటే ఓ ముప్పై పౌండ్ల సీసం పెట్టేవాణ్ణి గదే! అడిగాను కూడానోయ్. ఏంటే తినట్లేదు అంటే బస్సు డ్రైవర్లకి పార్టీ అంది. మూడు వారాలూ పార్టీయేనా అనుకున్నాను."

"ఆంటీకి తెలవదా అంకుల్? బరువు తగ్గితే ఏమైతదో తెలవదా?"

ఆయన కళ్లు తుడుచుకుంటూ నా నోట్‌బుక్కు వైపు చూశారు. "నీ లిస్టు ఉందిగా అనుకుందోయ్. అన్నీ చూశావా అని అడిగిందిగా."

ఆ సాయంత్రం అన్నానికి బియ్యం నేనే కొలిచాను. కొలిచి, కప్పును వంటింటి తూకం మీద పెట్టాను. ఒక కొలత అర పౌండు. నాలుగు పౌండ్లంటే ఎనిమిది కొలతలు. ఆ ఇంట్లో మేము ముగ్గురం నాలుగు పూటల్లో తినే బియ్యం. ఇప్పుడు నా ఆఫీసులో ఏ పరికరమైనా నా సంతకం లేకుండా బయటికి పోదు, ఒక గ్రాములో వెయ్యో వంతు తేడా కూడా పట్టుకుంటాను. అప్పట్లో ఒక మనిషి నా ఎదురుగా కూర్చుని, నాకు వడ్డించి, తను తినకుండా లేచిపోతుంటే ఇరవై రోజులు పట్టుకోలేకపోయాను.

ఉపవాసం సంగతి జీవిత చరిత్రలో రాయాలా అని అంకుల్‌ని అడిగాను. "సంఘంలో చదవొద్దు. ఆవిడకి ఇష్టం ఉండదు. నీకు రాయకపోతే నిద్ర పట్టదనుకుంటే ఎక్కడైనా రాసుకో," అన్నారు. అందుకే ఇది.

వాళ్ల సంఘం ఒక తెల్లవాళ్ల చర్చిలో ఆదివారం మధ్యాహ్నం హాలు అద్దెకు తీసుకుంటుంది. నూరు కుర్చీలు నిండాయి. వెనక వరసలో వాల్టర్, చేతికర్ర మోకాళ్ల మధ్య పెట్టుకుని. నేను లేచి చదివాను. పుట్టిన ఊరు, తల్లిదండ్రులు, బాప్తిస్మం, పెళ్లి, కూతురు, బస్సు నడిపిన ఏళ్లు, కీర్తనలు. అంతవరకు అందరూ తలలు ఊపారు. తర్వాతి పేజీ తిప్పి, మూడుసార్లు స్టాక్ కార్ చాంపియన్ అని చదవగానే ఊగుతున్న తలలు ఆగిపోయాయి. "ఎవరూ, మన సుగుణమ్మా?" అని ఒక పెద్దావిడ పైకే అనేసింది. పాస్టర్ గారు కళ్లజోడు తీసి నా వైపు చూశారు, పేజీ మారిపోయిందేమో అన్నట్టు. గ్రేస్ చేతుల్లో ముఖం దాచుకుని నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. నేను ఆగకుండా చదివాను. భార్యల పందెం, మెట్ల మీద జారి విరిగిందని చెప్పిన ఎముక, మొదటి గెలుపు, ఒక్క పందెం కూడా వదలని సీజన్, ఒక్కసారి కూడా ఎత్తని జెండా.

ఆఖరి రెండు వాక్యాలు పొద్దున్నే మార్చి రాశాను. చదివేముందు వెనక వరసలోకి చూశాను.

"నాలుగో చాంపియన్‌షిప్ ఆఖరి పందెంలో ఆమె అందరికన్నా ముందు గీత దాటింది, కారు తూకంలో నాలుగు పౌండ్లు తగ్గింది. తూకం సరైనదే."